పూతమందు తాగిన నాటి నుంచి

మాట పోయినవాళ్ల మూలుగును కూడా ప్రార్థనగా వినే దేవునికి స్తోత్రం. మనుషులు విడిచిపెట్టిన చోట విడువని ఆయన దయకు స్తోత్రం. ఏడు నెలల పాటు నేను ఆయనను పాడి స్తుతించలేకపోయాను. ఇప్పటికీ పాడలేను, రాయగలను. అందుకే ముందు ఈ స్తోత్రం రాసుకుని, తర్వాత జరిగింది చెబుతాను.

నా పేరు సుగుణమ్మ. మురుగమల్ల శాలెలో చిన్న పిల్లలకు పాఠం చెబుతాను. నా భర్త దేవదాసు చింతామణిలో ఒక పట్టుగూళ్ల వ్యాపారి దగ్గర పనిచేస్తారు. రోజూ బస్సులో పోయి వస్తారు. మా అత్త మరియమ్మ మాతోనే ఉంటుంది. చింతామణిలోని మా సంఘం చిన్నది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునే పని పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాది. నా గొంతు బాగుంటుందని నలుగురూ అనేవాళ్లు. ఆ మాట నాకు ఇష్టంగానే ఉండేది. దాన్ని దాచడం ఎందుకు?

జూలై నెలలో నాకు కడుపులో మంట మొదలైంది. అత్తకు మోకాళ్ల నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. సంత రోజు నా భర్త ఇద్దరికీ మందు తేవడానికి రెండు సీసాలు తీసుకుని చింతామణి డాక్టరు షాపుకు పోయారు. మా వైపు మందు కావాలంటే సీసా మనమే తీసుకుపోవాలి. ఇంట్లో ఉన్నవి రెండూ ఒకే రకం సీసాలు. వాటినే కడిగి, ఆరబెట్టి ఇచ్చాను.

ఆ షాపులో కాంపౌండరు పేతురప్ప. మా సంఘంలో పెద్ద మనిషి, ఆదివారం కానుక సంచి పట్టేది ఆయనే. తాగే మందు సీసాకు ఆయన ఒక కాగితం ముక్క అంటిస్తాడు. ఒక పూటకు ఎంత తాగాలో తెలియడానికి దాని అంచున కత్తెరతో గంట్లు పెట్టి ఉంటాయి. పూసే మందు సీసాకు కాగితం ఉండదు. కాగితం ఉంటే తాగాలి, లేకుంటే పూయాలి. చదువు రానివాళ్లకు కూడా ఈ గుర్తు తెలుసు.

సంత రోజు షాపు ముందు జనం ఎక్కువ. తడి సీసాకు మైదా జిగురు అంటుకోదని, ఆయన ఖాళీ సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, ముందే కాగితాలు అంటించి, జిగురు ఆరేలోపల మందు కలిపేవాడు. తర్వాత ఒక్కొక్క సీసాలో పోసుకుంటూ పోయేవాడు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. అందరూ చూశారు. ఎంత చురుకైన మనిషి అనుకున్నామే తప్ప, ఇందులో ఒక సీసా అటుఇటైతే ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

నా మందు తెలుపు, అత్త పూతమందూ తెలుపే.

మరుసటి పొద్దున కాగితం ఉన్న సీసా తీసుకుని, గంటు మేరకు గ్లాసులో వంచుకున్నాను. మందుకు ముందు ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది: కళ్లు మూసుకుని, దేవుని పేరు చెప్పి, ఒక్క గుక్కలో తాగేయాలి, చేదు తెలియదు. నేను కళ్లు మూసుకున్నాను. ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. పక్కన కూర్చున్న అత్త, “ఏమ్మా, కర్పూరం వాసన వస్తాండాది కదా? నా మందు మాదిరి ఉండాదే” అంది.

నేను ప్రార్థన మధ్యలో ఉన్నాను. మాట్లాడవద్దని చేయి అడ్డం పెట్టాను. ఆమేన్ అని తాగేశాను.

ఆ మంట గురించి ఎక్కువ రాయను. నోటి నుంచి రొమ్ము దాకా ఎవరో నిప్పుల గరిటె దించినట్టయింది. అరవబోతే అరుపు రాలేదు. అత్త భయపడి చెంబుతో ఉప్పునీళ్లు తాగించింది. వాంతి అయింది. దిగేటప్పుడు కాల్చిన మందు ఎక్కేటప్పుడు మళ్లీ కాల్చింది. తాగించకూడదని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

చింతామణిలో డాక్టరు సీసా మూత తీసి వాసన చూశాడు. ఆయన ముఖం మారింది. చిక్కబళ్లాపురం పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. పేతురప్ప లోపలి గదిలో నుంచి బయటికి రాలేదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఆసుపత్రిలోనే గడిచాయి. గొంతులోపల పుండ్లు మానుతూ మానుతూ దారి ఇరుకైపోయింది. వారానికి ఒకసారి నన్ను బల్ల మీద కూర్చోబెట్టి రబ్బరు గొట్టం మింగించేవాళ్లు. “నుంగమ్మా, నుంగు, నుంగు” అని నర్సు కన్నడంలో బతిమాలేది. మింగు అని అర్థం. ప్రతి వారం కొంచెం లావు గొట్టం. గొట్టం రోజున వసారాలో బెంచీ మీద పొద్దున నుంచి కాచుకోవాలి. నా వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. లోపలికి పోయినవాళ్ల దగ్గు బయటికి వినిపిస్తుంది. ఆ బెంచీ మీద నాకు వచ్చిన వాక్యాలన్నీ వరసగా తలుచుకునేదాన్ని. సగంలో భయం వచ్చి మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

పక్క మంచంలో ఉన్న పిల్ల తల్లి ఒక సాయిబుల ఆమె. మా ఊరి దర్గాకు మొక్కుకుని వచ్చానని చెప్పింది. నా రాగిగంజిలో పలుకులు అడ్డం పడుతున్నాయని చూసి, తన ఉతికిన కొత్త గుడ్డ చింపి, రెండు మడతలేసి వడగట్టి ఇచ్చేది. “నీ ఊరి దాన్నే అనుకోమ్మా, సిగ్గుపడొద్దు” అనేది. పేరు అడగడానికి నాకు మాట లేదు. చేతులు జోడించేదాన్ని.

మాట కోసం నా భర్త మా శాలె నుంచి పలకా బలపం తెచ్చారు. వచ్చినప్పుడల్లా తల్లి మీద కోప్పడేవారు.

“వాసన తెలిసినప్పుడు గ్లాసు గుంజుకోకూడదా? ఉప్పునీళ్లు తాగించమని ఎవరు చెప్పిరి నీకు?”

“నేనేం డాక్టరునా అప్పా? నా కండ్ల ముందర బిడ్డ గిలగిలా కొట్టుకుంటాంటే ఊరికే కూచోమంటావా?” అని అత్త ఏడ్చేది.

నేను పలక మీద ‘అత్తను అనవద్దు’ అని రాసి చూపేదాన్ని. చదివి, ముఖం తిప్పుకునేవారు. చివరి రెండు వారాలు అత్త ఆసుపత్రికి రావడం మానేసింది. ఆమె రాకపోవడం నాకు గొట్టం కంటే కష్టమైంది.

అక్టోబరులో నన్ను బాగేపల్లిలోని మా అన్న ఇంటికి తీసుకుపోయారు. పాలు, గంజి, మెత్తగా చిలికిన పెరుగన్నం దిగేవి. సంగటి ముద్ద దిగేది కాదు. ముద్దను నమలకుండా మింగేవాళ్లం మేము. అందరూ మింగుతుంటే చూడడం కష్టమని వదిన ముద్దలు వంటింట్లోనే పెట్టేది. గొంతులో గరగర తప్ప శబ్దం లేదు.

నేను అక్కడ ఉండగానే నా భర్త చింతామణిలో వకీలు నరసింహయ్యగారిని పట్టుకుని, నా పేరుతో డాక్టరుకూ పేతురప్పకూ నోటీసు పంపించారు. జవాబు వచ్చాక నాకు తెలిసింది. జవాబులో మూడు మాటలు ఉన్నాయి. ఒకే రకం సీసాలు తెచ్చింది వాళ్లే, ఇంటికి పోయాక కలగలిపింది కూడా వాళ్లే; కాంపౌండరు సరిగానే అంటించాడు. దెబ్బ ఎక్కువైంది అత్త తాగించిన ఉప్పునీళ్ల వల్ల. ఇవేవీ కాకున్నా, జరిగినది దైవకృతం.

ఆ చివరి మాట దగ్గర కాగితం కింద పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆసుపత్రిలో నేనూ ఆ మాటే అనుకున్నాను. నా గొంతు చూసుకుని గర్వపడ్డానని దేవుడు దాన్ని తీసేసుకున్నాడని. కానీ అదే మాటను తప్పించుకోవడానికి ఒక మనిషి వాడితే చదవలేకపోయాను.

నవంబరులో మా సంఘ పెద్దలు ఇద్దరు మురుగమల్లకు వచ్చారు. అప్పటికి నేను ఇంటికి చేరాను. వాళ్లలో పెద్దాయన సౌలప్ప అన్నాడు: “ఏమ్మా సుగుణమ్మా, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకు పోతారా? లేఖనం వద్దంటాది కదా?”

నా భర్త ఊరుకోలేదు. “గుంత తవ్వి మూత వేయనోడు, దాంట్లో పడిన ఎద్దుకు నష్టం కట్టియ్యాలని కూడా లేఖనమే చెప్తాది కదప్పా. నా పెండ్లాము ఎద్దు కన్నా తక్కువా?”

సౌలప్పకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. “పోనీ, నోటీసుకు ముందర మీలో ఒకరన్నా పేతురప్ప దగ్గరికి ఒంటరిగా పోయి, ఇదిగో నీ తప్పు అని చెప్పిరా? ముందు చెప్పాల్సింది అట్ల కదా?”

చెప్పలేదు. ఆదివారం బడి పిల్లలకు ఆ వరస నేర్పించేది నేనే. ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరితో, ఆ తర్వాత సంఘానికి. మేము వకీలుతో మొదలుపెట్టాము. పలక మీద ‘తప్పే’ అని రాశాను.

అయినా ముందు వకీలును చూడాలనుకున్నాను. నా పేరుతో ఏం రాశారో నాకు పూర్తిగా తెలియదు. నా భర్త, అత్త, నేను ముగ్గురం చింతామణికి పోయాము. అత్త గుమ్మం దగ్గరే కూర్చుంది. నరసింహయ్యగారు పెద్దమనిషి, బొట్టు పెట్టుకుని, మా దేవుని పేరు కూడా గౌరవంగా పలికేవాడు.

“చూడమ్మా, కోర్టులో నాలుగు చూస్తారు. ఒకటి, నీ విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత వాండ్లకు ఉండాదా? మందు ఇచ్చేవాడికి ఉండాది, దాంట్లో మాట లేదు. రెండు, ఆ జాగ్రత్త తప్పినారా? మూడు, ఆ తప్పు వల్లనే నీకీ గతి పట్టిందా? నాలుగు, నష్టం నిజంగా జరిగిందా? అది నీ గొంతే చెప్తాది. నాలుగింట్లో ఏ ఒక్కటి తెగినా కేసు లేదు. తప్పు చేసింది కాంపౌండరైనా, ఆ పనికి పెట్టుకున్న డాక్టరూ జవాబు చెప్పాల.”

“మరి దైవకృతం?” అని నా భర్త అడిగారు.

“దైవకృతమంటే పిడుగప్పా, వరద. మనిషి ముందుగా కనిపెట్టలేనిది, ఎంత జాగ్రత్త పడినా ఆపలేనిది. మైదా జిగురు దేవుడొచ్చి పూసినాడా?”

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే గొంతు నొచ్చింది.

అత్త గుమ్మం దగ్గర నుంచి అడిగింది. “సామీ, నేను ఉప్పునీళ్లు తాగిస్తి. దాని వల్లనే ఎక్కువాయ అంటాండారు. తప్పు నాదేనా?”

ఆయన కళ్లద్దాలు తీశాడు. “లేదమ్మా. విషం తాగినోళ్లను చూసి ఇంట్లో వాండ్లు కంగారుపడి ఏదో ఒకటి చేస్తారు. అది ఎవరైనా ఊహించేదే. ఆ కంగారు తెచ్చిపెట్టినోడే దానికీ బాధ్యుడు అని నేను వాదిస్తా. నువ్వు దిగులుపడొద్దు.”

అత్త కొంగుతో ముఖం కప్పుకుంది. నాలుగు నెలల్లో ఆమెతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. మా ఇంట్లో ఎవరమూ అనలేదు.

“ఇంగ ఒకటి,” అన్నాడు వకీలు. “తప్పులో నీ వంతు కూడా ఉండాదని వాండ్లు చూపిస్తే కష్టం. కొందరు జడ్జీలు కేసే కొట్టేస్తారు, కొందరు పరిహారం తగ్గిస్తారు. సీసాల సంగతి నేను చూసుకుంటా. వాండ్లకు తెలీనిది ఇంకేమన్నా ఉండాదా?”

నేను పలక మీద రాశాను. ‘వాసన వచ్చింది. అత్త తన మందు మాదిరి ఉండాదే అన్నది. చేయి అడ్డం పెట్టి తాగినాను.’

నా భర్త పలక లాక్కోబోయారు. “ఎవరికి తెలుసు ఇది? మన ఇంట్లో వాండ్లకు తప్ప ఎవరికి తెలుసు?”

వకీలు కిటికీ వైపు చూశాడు. “నేను పలక చూడలేదమ్మా. తుడిచేయి.”

తుడవలేదు. నేను సాక్ష్యం చెప్పేది నా గ్రంథం మీద చేయి పెట్టి. అత్త కూడా అంతే. ఈ వయసులో ఆమెతో అబద్ధం చెప్పించి నేను గెలవాలా? కింద ఇంకో వరస రాశాను. ‘ఇది కూడా దావాలో రాయండి.’

“ఎదుటి పక్షం వకీలుకు జీతం లేకుండా పని చేసిపెడతాండావు,” అన్నాడు ఆయన. “నీ మాటతో ఓడిపోతే?”

ఓడిపోతే ఆసుపత్రి భారమంతా నా భర్త మీద. ఏడాది లోపల దావా వేయకుంటే ఆ దారీ మూసుకుపోతుంది. అవన్నీ తెలిసే పలక ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి రాసుకున్నాక పలక తీసుకుని, అక్కడి నుంచి ఒంటరిగా పేతురప్ప ఇంటికి పోయాను. సాయంత్రం నాలుగు గంటలు. ఆయన గుమ్మంలో నన్ను చూసి లేచి, “రా అమ్మా” అని మాత్రం అన్నాడు. కుర్చీ వేశాడు. ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చున్నాము. ఆ సంగతి నేను ఎత్తకముందే, “నేను సరిగ్గానే అంటించినాను” అన్నాడు.

వకీలుకు రాసిన మాటలే మళ్లీ రాసి ఇచ్చాను. కింద, ‘కోర్టులో ఇదే చెప్తాను’ అని రాశాను. ఆయన పలకను రెండుసార్లు చదివాడు.

“ఇట్ల చెప్తే నీ కేసు నిలబడదు కదమ్మా?”

‘నిలబడకపోవచ్చు. నా వంతు నేను రాసినాను. నీ వంతు ఎంతో నీకు తెలుసు.’

వంటింట్లో నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “చెప్పేదానికి నీకేం నొప్పి? ఖాళీ సీసాలకు ముందే అంటించొద్దని నేను చెప్పలేదా? సంత రోజు ఊరంతా చూస్తాండారు. నువ్వొక్కడే చూడలేదా?”

“నువ్వు ఊరుకో” అన్నాడు. కానీ గట్టిగా అనలేదు. పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత తలెత్తకుండా చెప్పాడు. “మీ ఆయప్ప, దేవదాసు, బస్సుకు టైమయింది, బిర్నె, తొందరగా పోయమంటాండె. ఏది యాడ పెట్టినానో చూసుకోలే. ఆ సీసా మీ ఇంటికి పోయిన ఒక గంటకే పూతమందు కాగితం ఉండే సీసాలో పోసినానని తెలిసె. పరిగెత్తి వచ్చి చెప్పలేకపోతి. డాక్టరు ఏమంటాడో అని.”

తెల్లవారితే తాగే మందు అది. మురుగమల్ల అంత దూరమేమీ కాదు. ఒక మనిషిని పంపినా సరిపోయేది. ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపాన్ని దేవుడు ఎరుగును. బలపం చేతిలో విరిగింది. పలక తీసుకుని లేచి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆయన తనంతట తానే వకీలు దగ్గరికి పోయి, జరిగినదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. కోర్టు మెట్లు ఎక్కకుండానే డాక్టరు రాజీకి వచ్చాడు. నా వంతు తప్పుకు కొంత తగ్గించి, ఆసుపత్రికీ, జీతం లేని నెలలకూ సరిపడా ఇచ్చాడు. పూతమందు ఇక నీలం రంగు గరుకు సీసాలోనే ఇస్తానని, ఆ సీసాలు తానే కొంటానని కూడా రాసిచ్చాడు. అది నేను అడిగిన షరతు. ఇప్పుడు చీకట్లో తడిమినా ఏది తాగేదో, ఏది పూసేదో వేలికి తెలుస్తుంది.

అదే వారం డాక్టరు పేతురప్పను పనిలో నుంచి తీసేశాడు.

ఇది నేను అడగలేదు. కానీ నేను పోయి అడిగినందువల్లనే ఆయన సంతకం పెట్టాడు, సంతకం పెట్టినందువల్లనే పని పోయింది. వకీలు చెప్పిన వరసలో పెట్టి చూసినా ఈ గొలుసు ఎక్కడా తెగడం లేదు. ఇరవై ఏళ్లు మందు కలిపిన మనిషి ఇప్పుడు బాగేపల్లిలో ఒక మండీలో వేరుశనగ మూటలు కుడుతున్నాడు. జనవరిలో అన్న ఇంటికి పోయినప్పుడు చూశాను. నన్ను చూసి గోనె సూది పక్కన పెట్టి, “అన్నం దిగుతాండాదా అమ్మా?” అని అడిగాడు. దిగుతోందని తల ఊపాను. “స్తోత్రం” అన్నాడు. గంటకే తెలిసి కూడా నా దగ్గర దాచిన ఆ సంగతిని నేను పూర్తిగా క్షమించానో లేదో ఈ రోజుకూ చెప్పలేను. క్షమించానని ఉదయం అనుకుంటాను. గొట్టం రోజు వస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

గొట్టం ఇప్పుడు నెలకు ఒకసారే. గొంతులో కొంచెం మాట వచ్చింది, బొంగురుగా, నాలుగు మాటలకు ఒకసారి ఆగి. పిల్లలు అలవాటు పడ్డారు. ఆరాధనలో పాట ఎత్తుకునేది సౌలప్ప కోడలు. బాగానే పాడుతుంది. అత్త, నేను ఒకే బెంచీ మీద కూర్చుంటాము.

ఇది చదివేవాళ్లు మందు ఇచ్చేవాళ్లయితే ఒక్కొక్క సీసాగా చేయండి, తప్పు తెలిసిన గడియలోనే పరిగెత్తండి. మందు తాగేవాళ్లయితే ఇంట్లో వాళ్లు మాట్లాడితే వినండి. దేవుడు వాళ్ల నోట కూడా మాట్లాడతాడు.

ఇప్పుడు నాతో కలిసి ప్రార్థించండి. మా అత్త మరియమ్మ ఆ ఉప్పునీళ్ల చెంబును మరిచిపోవాలని, నా భర్త ఆమెతో మునుపటి మాదిరి మాట్లాడాలని. పేతురప్పకు ఎవరైనా మళ్లీ మందు కలిపే పని ఇవ్వాలని. నేను ఆయన పేరును మంట లేకుండా పలకగలగాలని. తండ్రీ, అని నేను మొదలుపెడతాను. నా గొంతు అంతవరకే వస్తుంది. తర్వాతి మాట మీరు అందుకోండి.